బయట కుక్క నెమ్మదించాలంటే ముందు దూరం చూసుకోవాలి

ఇంట్లో చెప్పగానే కూర్చునే కుక్క, వీధిలోకి అడుగు పెట్టాక పేరు పెట్టి పిలిచినా తల తిప్పదు. చాలామంది దాన్ని మొండితనం కింద జమకడతారు. నిజానికి ఎదురుగా ఇంకో కుక్కో, స్కూటరో, పరుగెత్తే పిల్లాడో కనబడ్డప్పుడు దాని ఒంట్లో అడ్రినలిన్ అనే ఒత్తిడి హార్మోన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, అరుగుదల మందగిస్తుంది. మూతి ముందు మాంసం ముక్క పెట్టినా ముట్టదు. ఇంట్లో ఎగబడి తినేది బయట వద్దంటోందంటే, ఆ క్షణాన దానికి ఏదీ నేర్పలేమని అర్థం. తిన్నా, వేలు కొరికేంత దురుసుగా లాక్కుంటోందంటే, నేర్చుకోగలిగే హద్దుకు దగ్గరపడినట్టే. శిక్షణంతా ఆ హద్దుకు ఇవతలే జరగాలి.

మొరగడం, తాడు లాగడం, వెనక కాళ్ళ మీద లేవడం భయంలోనూ ఉంటాయి, ఉబలాటంలోనూ ఉంటాయి. అందుకే ముందు ఏది ఏదో తేల్చుకోవాలి. భయపడే కుక్క ఒంటి బరువును వెనక్కి వేస్తుంది. తోకను పొట్ట కిందికి ముడుస్తుంది, చెవులు వెనక్కి అణుస్తుంది, కంట్లో తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది. ఎండ లేకుండా రొప్పడం, తిండి లేకుండా పెదాలు నాక్కోవడం, నిద్ర వేళ కాకుండా ఆవులించడం చాలాసార్లు వీటికన్నా ముందే కనిపిస్తాయి. ఉబలాటపడే కుక్క ఒళ్ళు వదులుగా ఊగుతుంది, బరువు ముందుకే ఉంటుంది. తోక ఊపడాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. ఒళ్ళు బిగబట్టి, తోక నిటారుగా లేపి చిన్నగా వేగంగా ఆడిస్తుంటే అది స్నేహం కాదు.

దూరం కనుక్కోవడం కష్టమేమీ కాదు. ఎదుటి జంతువో మనిషో కదలకుండా ఉన్న చోటు చూసుకుని, బాగా ఎడంగా నిలబడండి. మీ కుక్క అటు చూసి, మొరగకుండా, రెండు మూడు సెకన్లలో తనంతట తానే మీ వైపో నేల వైపో తిరగగలిగితే అదే సరైన దూరం. ఒకదానికి పది మీటర్లు చాలు, మరోదానికి వంద కావాలి. తక్కువ దూరంతో మొదలుపెట్టాలన్న పట్టుదలే ఎక్కువ శిక్షణలను చెడగొడుతుంది.

దూరం కుదిరాక చేయాల్సిన పని పాతదే. 1924లో అమెరికా మనస్తత్వవేత్త మేరీ కవర్ జోన్స్, కుందేలంటే హడలిపోయే ఒక పసివాడికి ఇష్టమైన తిండి పెడుతూ, ఆ కుందేలును కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చి భయం పోగొట్టింది. కుక్క విషయంలోనూ అంతే. అయితే వరస తప్పకూడదు. ముందు అది ఎదుటి కుక్కను చూడాలి, ఒక సెకను తర్వాత ముక్క నోటికి అందాలి. ఎదుటి కుక్క కనిపిస్తున్నంతసేపూ ముక్కలు వస్తూ ఉండాలి, అది మలుపు తిరగ్గానే ఆగిపోవాలి. వరస తిరగబడి ముందు తిండి, తర్వాత కుక్క వచ్చాయనుకోండి, మీరు సంచీలో చెయ్యి పెట్టడమే దానికి ప్రమాద సూచన అవుతుంది. ముక్క చూసి చుట్టూ వెతకడం మొదలుపెడుతుంది. ముక్క బఠాణీ గింజంత చాలు. మెత్తగా, నమలకుండా మింగేలా ఉండాలి. ఆ మేరకు పూట భోజనం తగ్గించండి. ఒక్కో పాఠం ఐదు నుంచి పది నిమిషాలు మించనక్కర్లేదు.

ఇలా కొన్నాళ్ళకు, ఎదుటి కుక్కను చూసీ చూడగానే ‘నా ముక్కేది?’ అన్నట్టు మీ వైపు తిరుగుతుంది. అప్పుడే ఒకటి రెండు మీటర్లు ముందుకు జరగాలి. దూరం తగ్గించిన రోజు ఎదుటి కుక్క కదలకుండా ఉండాలి. కదిలే కుక్కతో సాధన చేసే రోజు దూరం పెంచాలి. రెండూ ఒకేసారి మార్చితే ఏది ఎక్కువైందో మీకూ తెలియదు. ఉదయం బాణాసంచా చప్పుడుకు బెదిరిన కుక్క సాయంత్రం మామూలు దూరాన్ని కూడా తట్టుకోలేకపోవచ్చు. ఒత్తిడి హార్మోన్ల ప్రభావం వెంటనే దిగదు. అలాంటి రోజున పాఠం మానేసి, జనం లేని చోట తనకు నచ్చినట్టు వాసన చూసుకుంటూ తిరగనివ్వడమే మేలు.

‘రద్దీలోకి తీసుకెళ్ళండి, అదే అలవాటు పడుతుంది’ అనే సలహా వినకండి. అలా తీసుకెళ్తే కొన్ని కుక్కలు నిజంగానే కిక్కురుమనవు. అది నెమ్మదించడం కాదు, దిక్కుతోచక బిగుసుకుపోవడం.

ఉబలాటపడే కుక్కకు తిండి కన్నా ఎదుటి కుక్కే పెద్ద బహుమతి. ఎక్కువ ఇష్టమైన పనిని, తక్కువ ఇష్టమైన పనికి బహుమతిగా వాడవచ్చని మనస్తత్వవేత్త డేవిడ్ ప్రిమాక్ 1959లో చెప్పిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది. తాడు వదులుగా ఉంటే నాలుగు అడుగులు ముందుకు. బిగిస్తే నిలబడిపోవడం, వెనక్కి తిరగడం. ఎదుటి యజమాని సరేనంటే మూడు సెకన్ల పలకరింపు, ఆ వెంటనే వెనక్కి పిలుపు. ప్రతి కుక్కనూ పలకరించనివ్వకూడదు, లేకపోతే ప్రతిదాని దగ్గరికీ లాగుతుంది.

తాడు ఒకటిన్నర నుంచి రెండు మీటర్లది, పొడవు మారనిది తీసుకోండి. సాగి ముడుచుకునే రకం ఎప్పుడూ కాస్త బిగువుగానే ఉండి, లాగితేనే తాడు వస్తుందని నేర్పుతుంది. ఛాతీ దగ్గర కొక్కెం ఉన్న హార్నెస్ (మెడకు కాక ఒంటికి తొడిగే పట్టీ) లాగుడును తగ్గిస్తుంది, గొంతు మీద ఒత్తిడి పడదు. ముళ్ళ పట్టీలు, కరెంటు పట్టీలు మొరుగుడును ఆపినా, ఎదుటి కుక్క కనబడితే నొప్పి పుడుతుందన్న లంకెను కుక్క మనసులో బిగిస్తాయి. గుర్రుమన్నందుకు కొట్టడం మరీ ప్రమాదం: హెచ్చరించడం మానుకున్న కుక్క నేరుగా కరుస్తుంది.

ఎంత జాగ్రత్తపడ్డా మలుపులో ఏదో ఎదురుపడుతుంది. అందుకే ‘పద’ అనగానే మీతో పాటు గిరుక్కున వెనక్కి తిరగడాన్ని ఇంట్లో, ఏమీ లేనప్పుడే ఆటలా నేర్పి ఉంచండి. తిరిగే వీలు లేకపోతే గుప్పెడు ముక్కలు గడ్డిలో చల్లండి. వెతుకులాటలో తల కిందికి దిగుతుంది, చూపు తెగుతుంది. భయపడ్డప్పుడు నిమిరితే భయం పెరుగుతుందన్న మాటకు ఆధారం లేదు. దగ్గరికి వచ్చి ఒరిగితే నిమరండి.

వారాల తరబడి వరస తప్పకుండా చేసినా మార్పు లేకపోతే, లేదా ఎన్నడూ బెదరని కుక్క ఉన్నట్టుండి బెదరడం మొదలుపెడితే, పశువైద్యుడికి చూపించాలి. కీళ్ళ నొప్పి, చెవి పోటు, చూపు తగ్గడం ఇలా బయటపడతాయి. భయం బాగా ముదిరిన కుక్కలకు వైద్యులు ఫ్లూఆక్సెటిన్ వంటి మందులు రాస్తారు. వాటి ప్రభావం పూర్తిగా తెలియడానికి వారాలు పడుతుంది. ఆలోపు పాఠాలు ఆపనక్కర్లేదు గానీ, మందును మాత్రం వైద్యుడిని అడగకుండా మధ్యలో మానెయ్యకూడదు.