టర్బో మార్చేముందు: బూస్టు, వేడి, గాలి గురించి అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో డీజిల్ బండ్ల పని చేస్తాను. ఎండలు ముదిరాయంటే రోజూ ఇదే మాట: "అన్నా, బండి లాగట్లేదు. టర్బో మార్చేద్దామా?" ఆగమంటాను. టర్బో అంటే ఇంజనులోకి గాలిని ఒత్తి పంపేది. దాన్ని మార్చేముందు రీడింగులు చూడాలి.

అపోహ: బూస్టు వస్తోందంటే టర్బో బాగున్నట్టే.

వాస్తవం: బూస్టు అంటే బయటి గాలి కంటే టర్బో అదనంగా తెచ్చే పీడనం. అది చెప్పేది పీడనం ఒక్కటే. అరిగిన టర్బో కూడా ఆ పీడనం తేగలదు, కాకపోతే గాలిని అతిగా వేడి చేసి తెస్తుంది. వేడి గాలి పలచన, అందులో ఆక్సిజన్ తక్కువ. బయట 40 డిగ్రీలు, బూస్టు 1 బార్ అనుకోండి. పీడనం దాదాపు రెట్టింపైనట్టు. శక్తి ఏమాత్రం వృథా కాని ఆదర్శ టర్బోలో గాలి వేడి సుమారు 69 డిగ్రీలు పెరగాలి. టర్బో దాటగానే 140 ఉంటే పెరిగింది 100, 69ని 100తో భాగిస్తే సామర్థ్యం 69 శాతం. పర్వాలేదు. 170 ఉంటే 53 శాతమే, అప్పుడు అనుమానించాలి. ఒకే టర్బో తక్కువ గాలి దగ్గర ఒక శాతం, ఎక్కువ గాలి దగ్గర ఇంకో శాతం ఇస్తుంది. అందుకే గాలి రీడింగు పక్కన రాయని శాతాన్ని నేను నమ్మను.

అపోహ: స్కానర్‌లో (బండి సెన్సర్ల అంకెలు చూపే పరికరం) కనిపించే ఇన్‌టేక్ (లోపలికెళ్లే గాలి) ఉష్ణోగ్రత చాలు.

వాస్తవం: అది ఏ సెన్సర్‌దో తెలుసుకోండి. ఫిల్టర్ పక్కన మ్యాఫ్‌లో (లోపలికెళ్లే గాలి ఎంతో కొలిచే సెన్సర్) ఉన్నది బయటి గాలిని కొలుస్తుంది. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ తర్వాత ఉన్నది చల్లబడిన గాలిని కొలుస్తుంది. టర్బో పుట్టించిన వేడి ఎంతో ఈ రెండూ చెప్పవు. నేను టర్బో నుంచి గాలి బయటికొచ్చే గొట్టంలో థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పెడతాను, దాని మొన గాలిలో ఉండేలా.

అపోహ: మ్యాఫ్ రీడింగు బాగుంటే గాలంతా ఇంజనుకే పోతోంది.

వాస్తవం: చీమకుర్తి క్వారీల దగ్గర తిరిగే పికప్ ఒకటి వచ్చింది. మ్యాఫ్‌లో గాలి బాగానే ఉంది, లోడు మీద బూస్టు లేదు. ఇంటర్‌కూలర్ హోస్ క్లిప్పు కింద నూనె మరక, దానిమీద రాతిపొడి అట్టకట్టి ఉంది. హోస్‌లోకి మెల్లగా గాలి పట్టించి సబ్బునీళ్లు పోస్తే బుడగలు లేచాయి. విప్పి చూస్తే గోరంత చీలిక. హోస్ మార్చాం, టర్బోను ముట్టుకోలేదు.

అపోహ: ఎండాకాలం టర్బో బలహీనపడుతుంది.

వాస్తవం: 25 డిగ్రీలు 45 అయితే గాలి సాంద్రతే 6 శాతం తగ్గుతుంది. జనవరి రీడింగును మే నెల రీడింగుతో పోల్చకండి. దుమ్ముపట్టిన ఫిల్టర్ ఉంటే అదే బూస్టు కోసం టర్బో ఎక్కువ కష్టపడి వేడి పెంచుతుంది. కొత్త ఫిల్టర్ వేసి, టంగుటూరు వైపు హైవే మీద అదే లోడు, అదే గేరు, అదే ఆర్పీఎంలో మళ్లీ నడపండి. వేడి అంకె నిలకడగా నిలిచాకే రాసుకోండి.