మడి కట్టి చూడని విత్తనం

నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి కొత్త పత్తి రకం నేరుగా రైతు చేతికి రాదు. పక్కపక్కనే మడులు కడతారు, కొన్నింటిలో కొత్త విత్తనం, కొన్నింటిలో పాతది వేస్తారు. ఏ మడికి ఏదన్నది చీటీ తీసినట్టు తేలుస్తారు. కొన్ని పంటకార్లు గడిచాక గానీ మాట బయటికి రాదు. బడుల్లో, ఇంటర్ కాలేజీల్లో పిల్లల మనోధైర్యం కోసం జరిగే కార్యక్రమాలకు, నేను చూసినంతలో, ఇటువంటి మడి లేదు. ఒక వక్త వస్తారు, గంటసేపు మాట్లాడతారు, అందరూ ఫొటో దిగుతారు. మేలు జరిగిందో లేదో ఎవరూ కొలవరు.

ఆత్మహత్యలు ఆపే ఒక ఉపాయాన్ని శ్రీలంకలో ఇలాగే కొలిచారు. పురుగుమందు ఇంట్లో చేతికందేలా ఉంటే క్షణికావేశం ప్రాణం తీస్తుంది, తాళం వేసే పెట్టె ఇస్తే ఆ క్షణం గడిచిపోతుంది అన్నది ఊహ. ఆదోని వైపు పత్తి రైతుల ఇళ్లు చూసిన నాకూ అది సబబుగానే తోచింది. 180 గ్రామాలను తీసుకుని, సగం ఊళ్లకు పెట్టెలు పంచి, ఏళ్ల తరబడి గమనించారు. 2017లో ఫలితం వెలువడింది. తేడా ఏమీ లేదు! అదే దేశంలో అతి విషపూరితమైన మందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చాక మాత్రం, 1995 ప్రాంతంలో శిఖరానికి చేరిన ఆత్మహత్యల రేటు రెండు దశాబ్దాల్లో మూడింట రెండు వంతుల దాకా పడిపోయింది.

సీమ అనగానే కత్తులూ బాంబులూ గుర్తొచ్చే వారికి చెప్పాలి, బడిలో హింసకు అంత హంగామా ఉండదు. వెనక బెంచీ నుంచి ఒక వెక్కిరింపు, మూత్రశాల దగ్గర ఒక తోపు, అంతే. బిహార్‌లోని నలందా జిల్లాలో 70కి పైగా బడుల్లో దీని మీద ప్రయోగం చేశారు. కొన్ని బడులకు బయటి నుంచి శిక్షణ పొందిన ఒక సలహాదారును పంపారు. వారు మానసిక వైద్యులేమీ కారు. మరికొన్నింటిలో అదే పని అక్కడి ఉపాధ్యాయులకు అప్పగించారు. సలహాదారు ఉన్నచోట వేధింపులు, కొట్లాటలు, దిగులు తగ్గాయి. ఉపాధ్యాయులకు అప్పగించిన చోట మార్పు కనబడలేదు. ఐరోపాలో 10 దేశాల్లో, 11,110 మంది విద్యార్థులతో జరిగిన మరో అధ్యయనంలోనూ ఉపాధ్యాయుల శిక్షణ ఫలించలేదు. పిల్లలే నాటికలాడుతూ, చర్చించుకుంటూ నేర్చుకున్న పద్ధతి మాత్రం ఏడాది తర్వాత ఆత్మహత్యా యత్నాలను దాదాపు సగానికి తగ్గించింది. మనం ముందుగా ఎంచుకునేదేమో ఉపాధ్యాయుల శిక్షణే, ఖర్చు తక్కువ కాబట్టి.

ప్రయోగానికి ఇంతమంది ఎందుకు? 2022లో దేశంలో ఆత్మహత్యల రేటు లక్షకు 12.4. ఆ లెక్కన జనాభా లక్షా అరవై వేలు దాటిన ఆదోనిలో ఏడాదికి సుమారు 20. మరుసటి ఏడు 15 అయితే కార్యక్రమం గెలిచినట్టా? కాదు, ఏమీ చేయకపోయినా ఆ అంకె 15కీ 25కీ మధ్య ఊగుతూనే ఉంటుంది. 40 లక్షల జనాభా ఉన్న పాత కర్నూలు జిల్లా మొత్తం తీసుకుంటే 500 అవుతుంది. అది 375కు దిగితే కాకతాళీయమని కొట్టిపారేయలేం. రెండు చోట్లా తగ్గింది పావు వంతే, కానీ రెండోదాన్నే నమ్మగలం. అంతమందిని ఏళ్ల తరబడి లెక్కించేందుకే డబ్బు కావాలి.

ఆ డబ్బు ఆగితే ఏమవుతుందో అమెరికా చూపింది. 1996లో అక్కడి కాంగ్రెసు తుపాకుల నియంత్రణను సమర్థించే పనికి నిధులు వాడరాదని నిబంధన పెట్టి, తుపాకీ గాయాల పరిశోధనకు అంతకుముందు పెడుతున్న 26 లక్షల డాలర్లను కోసేసింది. పరిశోధనను నేరుగా నిషేధించకపోయినా అధికారుల్లో భయం ఆ పని చేసిపెట్టింది. 2020 బడ్జెట్లో మళ్లీ 2.5 కోట్ల డాలర్లు కేటాయించేనాటికి రెండు దశాబ్దాలు దాటాయి.

ఆత్మహత్యల మరణాలను 2030 నాటికి 10 శాతం తగ్గించాలని 2022లో మన జాతీయ వ్యూహం లక్ష్యం పెట్టుకుంది. అందుకు ఒక మడి ఇక్కడే కట్టవచ్చు. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల బడుల్లోంచి చీటీ తీసి కొన్నింటికి నలందా తరహా సలహాదారును జూన్‌లోనే పంపాలి, మిగతావాటికి ఏడాది ఆగి పంపాలి. లెక్క రాసే మనిషి పరీక్షా ఫలితాలు వచ్చే వారంలోనూ అక్కడే ఉండాలి. ఈలోగా మనసు బాగోలేనివారు రాత్రైనా పగలైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.