విశాఖ ముందు పోరాడిన సెంచురియన్ ఓడ: అపోహలు - వాస్తవాలు

పాత తెరచాప యుద్ధనౌకల రికార్డులు చదవడం నా పని. వైజాగ్ వాళ్ళు కలిస్తే 1804లో తమ ఊరి ముందు జరిగిన నౌకాయుద్ధం గురించి తప్పకుండా అడుగుతారు, నాకూ ఇష్టమైన టాపిక్కే, కానీ అందులో పోరాడిన బ్రిటిష్ యుద్ధనౌక హెచ్‌ఎంఎస్ సెంచురియన్ గురించి జనం చెప్పుకునేదాంట్లో సగం వేరే ఓడల కథలు.

అపోహ: ప్రపంచం చుట్టొచ్చి స్పెయిన్ వాళ్ళ వెండి ఓడని పట్టుకున్న సెంచురియన్ ఇదే.

కాదండి. అది బ్రిటిష్ నౌకాధికారి జార్జ్ ఆన్సన్ ఓడ, 1740లో బయల్దేరి, 1743లో ఫిలిప్పీన్స్ దగ్గర కోవడోంగా అనే ఆ వెండి ఓడని పట్టుకుని, 1744లో ఇంగ్లండ్ చేరింది. 1769లో దాన్ని విప్పేశారు. విశాఖకి వచ్చింది 1774లో హార్విచ్‌లో నీళ్ళలోకి దింపిన 50 ఫిరంగుల ఓడ. బ్రిటిష్ నేవీ పాత ఓడ పేరే కొత్తదానికి పెట్టేది, కాబట్టి పేరుతో పాటు సంవత్సరం కూడా చూడాలి, లేకపోతే రెండు ఓడల చరిత్రలూ కలిసిపోతాయి.

అపోహ: యుద్ధనౌక అంటే ఎప్పుడూ యుద్ధంలోనే ఉంటుంది.

యుద్ధాలు చేసింది నిజమే. 1778 డిసెంబర్లో సెయింట్ లూసియా దగ్గర, 1794 అక్టోబర్ 22న మారిషస్ దగ్గర ఇంకో బ్రిటిష్ యుద్ధనౌక డయోమీడ్‌తో కలిసి ఫ్రెంచి వాళ్ళ మీద. మిగతా ఏళ్ళలో ఎక్కువ భాగం వర్తక ఓడలకి కాపలా కాయడం, నీళ్ళు నింపుకోవడం, తాళ్ళు తెరచాపలు బాగుచేసుకోవడం. అసలు విశాఖకి వచ్చింది కూడా కాపలాకే. ముందు ఆ డ్యూటీ విల్హెల్మినా అనే ఇంకో బ్రిటిష్ యుద్ధనౌకది, అది సైకీ అనే ఫ్రెంచి ఓడతో పోరులో బాగా దెబ్బతింటే దాని బదులు సెంచురియన్ని పంపారు.

అపోహ: యుద్ధం హార్బర్లో జరిగింది.

అప్పుడు హార్బరే లేదు, అది వచ్చింది 1933లో. ఓడలు బయట సముద్రంలో లంగరేస్తే సరుకూ మనుషులూ మసూలా పడవల్లో కెరటాలు దాటి ఒడ్డుకి రావాలి. 1804 సెప్టెంబర్ 15 పొద్దున కెప్టెన్ జేమ్స్ లిండ్ ఒడ్డు మీద ఉన్నాడు, ఓడ బాధ్యత లెఫ్టినెంట్ జేమ్స్ ఫిలిప్స్ మీద ఉంది, అప్పుడే ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్ 74 ఫిరంగుల మారెంగోతో, అటలాంట్, సెమియాంట్ అనే రెండు ఫ్రిగేట్లతో (అంతకన్నా చిన్న, వేగంగా వెళ్ళే యుద్ధనౌకలు) వచ్చిపడ్డాడు. కెప్టెన్ కోసం ఆగకుండా ఫిలిప్స్ కాల్పులు మొదలుపెట్టేశాడు, నా దృష్టిలో ఆ రోజు అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం అదే. లిండ్ పడవేసుకుని కాల్పుల మధ్యలోనే ఓడెక్కాడు, తాళ్ళూ తెరచాపలూ తెగిపోయిన ఓడని కెరటాలు విరిగే చోటికి కాస్త బయట, సముద్రం వైపు లంగరేసి నిలబెట్టాడు, మారెంగో దూరం నుంచే కాల్చింది, మధ్యాహ్నానికి లినోయ్ వెళ్ళిపోయాడు.

ఇక్కడ 50కీ 74కీ తేడా 24 ఫిరంగులే కదా అనుకుంటారు. కానీ ఒక్కసారికి పేలేది ఒక పక్కవే, పైగా గుండు బరువు కూడా లెక్కే. కట్టినప్పుడు సెంచురియన్ కింది డెక్కుకి ఇచ్చినవి 24 పౌండ్ల గుండు వేసే ఫిరంగులు, ఫ్రెంచి 74ల కింది డెక్కులో ఉండేవి 36 పౌండ్లవి, అందులోనూ ఫ్రెంచి పౌండు ఇంగ్లీషు పౌండు కన్నా ఎక్కువ బరువు. ఇంత తేడాలోనూ సెంచురియన్లో చనిపోయింది ఒక్కరు, గాయపడింది తొమ్మిదిమంది.

అపోహ: ఇది బ్రిటిష్ వాళ్ళ ఘనవిజయం.

వాళ్ళు అలాగే చెప్పుకున్నారు, నెపోలియన్ కూడా లినోయ్ మీద మండిపడ్డాడు. కానీ సెంచురియన్ వచ్చింది రెండు వర్తక ఓడల్ని కాపాడటానికి. అందులో బార్నబీ కెరటాల్లోకి కొట్టుకుపోయి పగిలిపోయింది, ప్రిన్సెస్ షార్లెట్‌ని ఫ్రెంచివాళ్ళు పట్టుకుపోయారు. నావికులు అద్భుతంగా పోరాడారు, అందులో నాకు అనుమానం లేదు, అయినా కాపలా పని లెక్కన చూస్తే అది విఫలమే, ఈ రెండూ కలిపి చెప్పకపోతే చరిత్ర సగమే చెప్పినట్టు.

ఇక చాలామంది నమ్మేది, సెంచురియన్ విశాఖలోనే మునిగిందని. లేదు. 1805లో ఇంగ్లండ్ వెళ్ళింది, తర్వాత కెనడాలోని హాలిఫాక్స్‌లో కదలని ఓడగా వాడుకున్నారు, 1824 ఫిబ్రవరిలో అక్కడే లంగరేసి ఉన్న చోటే మునిగింది, పైకి తీసి 1825లో విప్పేశారు. విశాఖ సముద్రంలో ఆ యుద్ధం తాలూకు ఓడ కోసం వెతికేవాళ్ళు వెతకాల్సింది బార్నబీ కోసం.