రెండు మిల్లీమీటర్ల తేడా

ఆగస్టులో ఉత్తరాంధ్రలోని రాజాం నుంచి సంకిలి వైపు వెళ్తుంటే చెరుకు మనిషిని మించి ఎదిగి కనిపిస్తుంది. గట్టు మీద నిలబడి "ఎకరానికి 35 టన్నులకు తగ్గదు" అనేస్తారు మావాళ్లు. ఆ అంచనా నమ్మదగ్గది కాదు. గట్టువార సాలుకు ఎండ, గాలి బాగా తగులుతాయి కాబట్టి అక్కడి గెడలు లోపలివాటికంటే ఏపుగా ఉంటాయి. అందుకే పద్ధతిగా కొలిచేవాళ్లు ఆకు అంచులు చేతులు కోస్తున్నా తోట లోపలికే వెళ్తారు.

అక్కడ సాలు వెంట 5 మీటర్లు టేపు పరిచి, నరకడానికి పనికొచ్చే గెడలు లెక్కపెడతారు. సాళ్ల మధ్య 80 సెంటీమీటర్లుంటే అది 4 చదరపు మీటర్ల నేల. అందులో 32 గెడలుంటే ఎకరానికి సుమారు 32 వేలు. ఒక్కచోట చూస్తే చాలదు, నాలుగైదు చోట్ల చూడాలి.

ఎత్తు కొలిచేటప్పుడు ఆకు కొసదాకా పోకూడదు, అది గాలికి ఊగుతుంది. పూర్తిగా విచ్చుకున్న పై ఆకు, దాని తొడుగు కలిసేచోట మెడలాంటి పట్టీ ఉంటుంది, అక్కడిదాకా కొలవాలి. ఆ గెడలకే రంగుదారం కట్టి, పదిహేను రోజులకోసారి కొలిస్తే ఎదుగుదల వేగం తెలుస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టం కణుపుల మధ్య దూరం చూడడం. నీరందక బెట్టకొచ్చిన రోజుల్లో ఏర్పడిన కణుపులు దగ్గరదగ్గరగా ఉంటాయి. వానలు పడ్డాక వచ్చినవి ఎడంగా ఉంటాయి. ముదిరిన పొట్టి కణుపు తర్వాత ఎంత తడి పెట్టినా సాగదు. మొదలు నుంచి మొవ్వుదాకా గెడను తడుముతూ పోతే ఆ ఏడు తోట ఎప్పుడు ఎండిందో, ఎప్పుడు తడిసిందో వేళ్లకు తెలిసిపోతుంది.

ఇక అసలు సంగతి, లావు. 220 సెంటీమీటర్ల పొడవు, 2.5 సెంటీమీటర్ల మందం ఉన్న గెడ ఘనపరిమాణం దాదాపు 1,080 ఘన సెంటీమీటర్లు. బరువు కిలో పైచిలుకు. ఆ 32 వేల గెడలకు లెక్కేస్తే ఎకరానికి 35 టన్నులు. మందం 2.3కి తగ్గితే? బరువు మందం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి దిగుబడి 30 టన్నుల దగ్గరే ఆగిపోతుంది. కంటికి ఆనని రెండు మిల్లీమీటర్లలో 5 టన్నులు పోయాయి. ఎత్తులో అంత నష్టం రావాలంటే గెడ జానెడుకు పైగా పొట్టిదవ్వాలి. అది ఎవరికైనా కనబడుతుంది.

ఆ పచ్చి బరువులోనూ నూటికి 70 పాళ్ల దాకా నీరే. మొక్క నిజంగా కూడబెట్టిన జీవద్రవ్యం తేలాలంటే గెడ, ఆకు, మొవ్వు విడదీసి తూచి, ముక్కలు కోసి, 70 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంతవరకు ఆరబెట్టాలి.

సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు 5 రోజులకోసారి పొలాన్ని 10 మీటర్ల గడులుగా ఫొటో తీస్తాయి. పచ్చదనం చెబుతాయి, ఎండిపోతున్న మూల చూపిస్తాయి. కానీ ఆకు దట్టంగా కమ్ముకున్నాక పచ్చదనం సూచిక పెద్దగా మారదు, అడుగున గెడ లావెక్కుతున్నా సరే. ఆ లావు చేత్తోనే కొలవాలి. మందం కొలిచే కాలిపర్ లేకపోతే దారం చాలు: గెడ నడిమికి చుట్టి, పొడవు కొలిచి, 3.14తో భాగించాలి. 7.85 సెంటీమీటర్లు వస్తే మందం 2.5. 7.2 వస్తే 2.3.