‘నమస్కారం’లో ‘నమ’ ఎటు పోయింది?

విజయనగరంలో మా వీధి చివర బట్టల కొట్టాయన మొన్న నన్ను ఆపి అడిగాడు: “మాస్టారూ, మా ఇంట్లో సినిమాకి మాట ఉంది గానీ మాటకి తలకాయ లేదండి. ‘నమస్కారం’ అంటే ‘స్కారం’ అని వినిపిస్తంది. ఏటంటారు?”

కొత్త టీవీ కొన్నాక మొదలైందట. గదిలో ఆరు స్పీకర్లు, వాటన్నిటికీ పెద్దదిక్కుగా, టీవీ ధ్వనిని పంచిపెట్టే ఒక హోమ్ థియేటర్ రిసీవర్. మెకానిక్ వచ్చి స్పీకర్లు మార్చమన్నాడు. వాళ్ళమ్మగారు దిష్టి తగిలిందని నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు తెచ్చి రిసీవర్ నెత్తిన పెట్టారు. సరిగ్గా అక్కడే వేడిగాలి పోయే చిల్లులుంటాయి. దిష్టి సంగతేమో గానీ, నిమ్మరసం లోపలికి కారితే మాత్రం దాని పని అయిపోయినట్టే. ముందు అది తీయించాను.

స్పీకరు చెడితే మాటంతా బొంగురుపోతుంది. మొదటి రెండక్షరాలే ఏరుకుని మింగే తెలివి దానికి లేదు. ఎవరో కావాలనే నోరు నొక్కి, తర్వాత వదులుతున్నారు. ఆ పని చేస్తున్నది రిసీవరే. దానికో భయం ఉంది.

టీవీ నుంచి హెచ్‌డీఎంఐ తీగ మీద రిసీవర్‌కి వెళ్ళే ధ్వని రెండు రకాలు. ఒకటి పీసీఎం: సెకనుకు 48,000 సార్లు కొలిచిన ధ్వని, ఉన్నదున్నట్టు అంకెల్లో. రెండోది డాల్బీ లాంటి, కుదించి మూట కట్టిన ధ్వని. రెండూ ఒకే దారిలో, ఒకే వేషంలో వస్తాయి. ‘నేను పీసీఎం కాదు’ అని చెప్పే బిట్టు (0 లేదా 1) ఒకటి పక్కనే ఉంటుంది గానీ, అన్ని పరికరాలూ దాన్ని సరిగ్గా పెట్టవు. మూటని విప్పకుండా, అదే పీసీఎం అనుకుని స్పీకర్లకి పంపితే ఇల్లంతా పెద్ద హోరు. సన్నటి ధ్వనులు పలికే ట్వీటర్ మాడిపోయినా పోవచ్చు. అందుకని వచ్చినవాడెవడో తేలేదాకా రిసీవర్ నోరు కట్టుకుని కూర్చుంటుంది.

ఎలా తేలుస్తుంది? ప్రతి మూటకీ నాలుగు మాటల ముద్ర ఉంటుంది; ఇక్కడ మాట అంటే 16 బిట్ల అంకె. పదహారంకెల పద్ధతిలో రాస్తే అందులో మొదటి రెండూ ఎఫ్872, 4ఈ1ఎఫ్. మూడోది సరుకేమిటో, నాలుగోది ఎంత పొడవో చెబుతాయి. డాల్బీ డిజిటల్ మూట ఒక్కోదానిలో 1,536 కొలతల ధ్వని ఉంటుంది, అంటే 32 మిల్లీసెకన్లు. ఇక్కడ నాకెంతో ఇష్టమైన లెక్క ఒకటుంది. ఆ మొదటి రెండు మాటలు కలిపి 32 బిట్లు. ఏ అర్థమూ లేని అంకెల్లో ఆ ముద్ర తనంతట తాను పడే అవకాశం సుమారు 430 కోట్లలో ఒకటి. ఎంత అరుదో అనిపిస్తుంది కదూ? కానీ అలాంటి రెండేసి మాటల జతలు సెకనుకు 48,000 వస్తున్నాయి. భాగించి చూడండి: దాదాపు 25 గంటలకోసారి దొంగముద్ర పడుతుంది. సంగీతం ఉత్త గుడ్డి అంకెల కుప్ప కాదు కాబట్టి నిజంగా ఇంత తరచుగా జరగదు. అయినా ఒక్క ముద్ర చూసి నమ్మడం తెలివైన పని కాదు. సరిగ్గా 32 మిల్లీసెకన్ల తర్వాత ఇంకొకటి పడిందా అని చూడాలి. అలా ఎన్ని చూడాలి? రెండా, పదా? ఆ తర్వాత కూడా ఎంతసేపు ఆగాలి?

ఈ ప్రశ్నలకి జవాబు తీగలో లేదు, స్పీకర్లో లేదు. రిసీవర్ లోపల ఒక ప్రోగ్రాములో రాసి ఉన్న అంకె అది. రాసినవాడు మరీ పిరికివాడైతే అర సెకను ఆగమంటాడు. అర సెకనులో రెండు మూడక్షరాలు సునాయాసంగా పోతాయి. పాత టీవీ ఎప్పుడూ ఒకే రకం ధ్వని పంపేది. కొత్తది మెనూలో పీసీఎం, సినిమాలో డాల్బీ, కాసేపు ఆపితే ఏమీ లేదు. ఇలా రకం మార్చిన ప్రతిసారీ రిసీవర్‌కి మళ్ళీ మౌనవ్రతం. టీవీని పీసీఎం మాత్రమే పంపమనొచ్చు గానీ, ఏఆర్‌సీ దారిలో, అంటే టీవీ ధ్వని హెచ్‌డీఎంఐ తీగ మీదే వెనక్కి రిసీవర్‌కి వచ్చే దారిలో, పీసీఎం రెండు చానళ్ళకే పరిమితం. అప్పుడు మిగతా నాలుగు స్పీకర్లకీ అసలు సినిమా ధ్వని అందదు. సరైన మందు, ఆ అంకె మార్చిన కొత్త ఫర్మ్‌వేర్, అంటే రిసీవర్ లోపలి ప్రోగ్రాము.

‘ఫర్మ్‌వేర్’ అన్న మాట 1967లో ఆషర్ ఆప్లర్ పుట్టించాడు. హార్డ్‌వేరుకీ సాఫ్ట్‌వేరుకీ నడుమ ఉండేది అని ఆయన ఉద్దేశం. మనం మాత్రం పిల్లలకి ఇప్పటికీ ‘ర్యామ్‌లో రాయొచ్చు, రోమ్‌లో రాయలేం’ అని బట్టీ పట్టిస్తున్నాం. నేనూ ముప్పయ్యేళ్ళు పట్టించాను. ఆ పిల్లల జేబుల్లోని ఫోన్లు తమ ‘రోమ్’ని నెలకోసారి తిరగరాసుకుంటున్నా ఒక్కడూ లేచి అడగలేదు. అడగనివ్వలేదేమో కూడా.

తిరగరాయడం ఎక్కడ జరుగుతుందంటే ఫ్లాష్ మెమరీలో. 1984లో తోషిబాలో పనిచేసే ఫుజియో మసువోకా దీన్ని లోకానికి చూపించాడు. ఒక్క దెబ్బతో చెరిగిపోవడం చూసి ఆయన సహోద్యోగికి కెమెరా ఫ్లాష్ గుర్తొచ్చిందట, ఆ పేరే నిలిచింది. సన్నటి ఆక్సైడ్ పొర వెనక ఎలక్ట్రాన్లని బంధిస్తే 0, వదిలేస్తే 1. ఒక్కో 1ని విడిగా 0 చేయొచ్చు. 0ని మళ్ళీ 1 చేయాలంటే మాత్రం ఒక గడి మొత్తం ఖాళీ చేయాల్సిందే. గడి అంటే ఒక్కోసారి 65,536 బైట్లు. అంటే ‘అర సెకను’ అన్న ఒక్క అంకె దిద్దడానికి దాని చుట్టూ ఉన్న వేల బైట్లు చెరపాలి.

ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మా తాతగారి చుట్టిల్లు గుర్తొస్తుంది. కొన్నేళ్ళకోసారి తాటాకు మార్చేవాళ్ళు. ఆకు చూరు దగ్గర మొదలుపెట్టి, వరస మీద వరస పైకి కప్పుకుంటూ పోతారు. కింది వరసలో ఆకు కుళ్ళితే పై వరసలన్నీ లేపాలి. ఫ్లాష్ గడి అచ్చం అంతే. కప్పు పీకేశాక ఇంట్లో ఉండలేం కాబట్టి మా అమ్మమ్మ కుంపటి, చాపలు పట్టుకుని పక్కింటి అరుగు మీదికి చేరేది. రిసీవర్ కూడా అదే చేస్తుంది. తిరగరాసే ప్రోగ్రామును ముందు ర్యామ్‌లోకి ఎత్తి, అక్కణ్ణుంచి నడుపుతుంది. తను నిలబడ్డ కప్పుని తానే పీకడం కుదరదు కదా. ర్యామ్ అరుగు లాంటిదే, కరెంటు ఉన్నంతసేపే నీడ.

పాత కప్పు పీకకముందే తాతగారు బండి మీది కట్టలు లెక్కపెట్టించి, చెడిన ఆకు ఉందేమో చూసేవారు. కొత్త ఫర్మ్‌వేర్ ఫైలు మీద రిసీవర్ చేసే ఈ పనికి సీఆర్‌సీ అని పేరు, 1961లో డబ్ల్యూ. వెస్లీ పీటర్సన్ చెప్పిన ఉపాయం. మొత్తం ఫైలుని ఒక పెద్ద సంఖ్య అనుకుని, ఒక రకం భాగహారం చేసి శేషం చూస్తుంది. పాత గుమాస్తాలు కూడికలు సరిచూసుకోవడానికి తొమ్మిదులు కొట్టేసి శేషం చూసేవారు కదా, దానికి ఇది పెద్దన్న. 32 బిట్ల సీఆర్‌సీ అయితే, ఫైలు ఎడాపెడా చెడినప్పుడు ఆ తప్పు జారిపోయే అవకాశం 430 కోట్లలో ఒకటి. మళ్ళీ అదే అంకె! ఇక్కడ మాత్రం 48,000తో భాగించే బెడద లేదు, పరీక్ష ఒక్కసారే.

ఇక వాన. కప్పు సగం పీకాక మబ్బు పడితే తాతగారి మొహం చూడాలి. మనకి వాన అంటే కరెంటు పోవడం. కొత్తది సగం రాసి ఉంటుంది, పాతది లేదు. ర్యామ్ ఆరిపోయింది కాబట్టి రాసేవాడూ లేడు. మా ఊళ్ళో వంటిల్లు విడిగా ఉండేది, దాని కప్పు జోలికి ఆ రోజు ఎవరూ పోయేవారు కాదు. మంచి రిసీవర్లలో బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాము ఆ వంటిల్లు లాంటిది. మిగతా అంతా పోయినా అది లేచి ‘పెన్‌డ్రైవ్ పెట్టండి, మళ్ళీ మొదలెడతాను’ అంటుంది. కొన్ని పరికరాలైతే రెండు ఇళ్ళు కట్టుకుంటాయి, ఒకదాంట్లో ఉంటూ రెండోదాన్ని కప్పుకుంటాయి. ఏదీ లేనిదానికి మధ్యలో కరెంటు పోతే అది ఇటుకే. చాలామంది చేసే తప్పు ఏమిటంటే, తెర మీది అంకె చాలాసేపు కదలకపోతే ప్లగ్గు పీకేస్తారు. అప్పుడే అది గడులు చెరుపుతూ ఉండొచ్చు. తిత్లీ తుపాను 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటాక చీకటి రాత్రులు చూసిన జిల్లావాణ్ణి, ఇన్వర్టర్ లేకుండా ఈ పనికి దిగొద్దంటాను.

అన్ని జబ్బులకీ ఇది మందు కాదు. 2020లో కొత్తగా వచ్చిన కొన్ని హెచ్‌డీఎంఐ 2.1 రిసీవర్లలో చిప్పులోనే లోపం. గేమింగ్ పెట్టె నుంచి 4కే, 120 హెర్ట్జ్ చిత్రం పంపితే తెర నల్లబడేది. ఒక కంపెనీ మధ్యలో తగిలించే చిన్న పెట్టె ఇచ్చింది, ఇంకొకటి బోర్డే మార్చింది.

బట్టల కొట్టాయన మంగళవారం ఖాళీ అన్నాడు. వాళ్ళమ్మగారు మంగళవారం వద్దన్నారు. “మన పైడితల్లమ్మ సిరిమాను ఊరేగేది మంగళవారమే కదమ్మా, ఆ రోజు చెడ్డదెలా అయింది?” అన్నాను. కానీ నేనూ వద్దనే అన్నాను. ఆ రోజు లైను మీద కొమ్మలు కొడతారు, కరెంటు తీస్తారని ముందే చెప్పారు. ఆవిడ గెలిచినట్టు నవ్వారు.

బుధవారం పొద్దున్న కంపెనీ సైటు నుంచి సరిగ్గా ఆ మోడల్‌కి చెందిన ఫైలు దించి, పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32 అనే ఫైళ్ళ అమరికలో సిద్ధం చేసి, హెచ్‌డీఎంఐ తీగలన్నీ పీకి మొదలెట్టాం. ఇరవై నిమిషాలు. టీవీ తగిలించి సినిమా పెట్టగానే ఎవరో నిండుగా ‘నమస్కారం’ అన్నారు. ఆయన లేచి నిజంగానే చేతులు జోడించాడు.

సాయంత్రం మళ్ళీ ఫోను: “మాస్టారూ, వెనక స్పీకర్లు ముందుకొచ్చి చెవిలో అరుస్తన్నాయండి.” కప్పు మార్చేటప్పుడు గోడ మీది రాతలు కూడా చెరిగిపోయాయన్నమాట. స్పీకర్ల దూరాలు రిసీవర్ మరిచిపోయింది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి మీటరుకి 2.9 మిల్లీసెకన్లు. కొట్లో బట్ట కొలిచే మీటరు బద్ద తెచ్చి కొలవమన్నాను. సోఫా నుంచి ముందువి రెండు బద్దలు, వెనకవి ఒకటి తక్కువ. ఆ అంకెలు ఎక్కించాక రిసీవర్ వెనక స్పీకర్లని 2.9 మిల్లీసెకన్లు ఆపి వదలడం మొదలెట్టింది.