మహమ్మారి, భరోసా లేని ఉద్యోగాలు: అపోహలు - వాస్తవాలు

కార్మికుల ఆరోగ్యం చూసే డాక్టర్‌గా కోవిడ్ రోజుల్లో నేను తరచూ విన్న మాటలివి. రోజు కూలీలు, కాంట్రాక్టు, ఏజెన్సీ సిబ్బంది, ఆర్డర్‌కింత లెక్కన తిరిగే డెలివరీ వాళ్లు... రేపు పని ఉంటుందో లేదో తెలియని వాళ్లందరి గురించీ ఈ మాటలు.

అపోహ: వైరస్‌కు పేదా గొప్పా తేడా లేదు.

వైరస్‌కు లేకపోవచ్చు. అది ఎవరి దాకా ముందు వస్తుందన్న దాంట్లో మాత్రం చాలా తేడా ఉంది. కిక్కిరిసిన వ్యాన్‌లో వెళ్లి, గాలి ఆడని చోట షిఫ్ట్ చేసి, ఇరుకు గదిలో పదిమంది పక్కన పడుకునే మనిషి దూరం ఎలా పాటిస్తాడు? అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో చెప్పిన లెక్క ప్రకారం, ప్రపంచంలో పనిచేసే వాళ్లలో 60 శాతానికి పైగా, సుమారు 200 కోట్ల మంది, అసంఘటిత ఉపాధిలోనే ఉన్నారు.

అపోహ: జ్వరంతో పనికి వచ్చేవాళ్లకు బాధ్యత లేదు. అవగాహన కల్పిస్తే చాలు.

నాకు బాగా చిరాకు తెప్పించే మాట ఇదే. గేటు దగ్గర నుదుటికి థర్మామీటర్ గన్ పెడతారని తెలిసి, గంట ముందే పారాసిటమాల్ వేసుకుని వచ్చేవాళ్లు. జ్వరం అంటే ఏమిటో, అది ఉంటే ఏమవుతుందో వాళ్లకు అంత బాగా తెలుసు! "ఇంట్లో ఎవరికైనా దగ్గు, జ్వరం ఉన్నాయా?" అని ఫారంలో అడిగితే అందరూ "లేదు" దగ్గరే టిక్ పెట్టేవారు. "ఉంది" అంటే రెండు వారాల కూలి పోతుంది, ఆ తర్వాత మళ్లీ పిలుస్తారన్న నమ్మకమూ లేదు. నిజం చెప్పిన వాడే నష్టపోయే ఏర్పాటు పెట్టుకుని, గోడల నిండా పోస్టర్లు అంటిస్తే ఏం లాభం?

2020లో ఇంగ్లండ్‌లోని వృద్ధుల సంరక్షణ గృహాల్లో ఒక సర్వే జరిగింది. జబ్బు చేసిన సిబ్బందికి సెలవులో జీతం ఇచ్చిన చోట వృద్ధుల్లో ఇన్ఫెక్షన్లు తక్కువగా కనిపించాయి, ఏజెన్సీ సిబ్బందిని తరచూ వాడిన చోట ఎక్కువగా కనిపించాయి. ఒక్క సర్వేతో కారణం తేలిపోదు గానీ, మేం గేటు దగ్గర చూసిన దానికి ఇది సరిగ్గా సరిపోతుంది.

అపోహ: కుర్రాళ్లు, గట్టివాళ్లు. వాళ్లకేం కాదు.

ప్రాణాపాయం తక్కువే. కానీ లాంగ్ కోవిడ్‌లో మూడు నెలలు దాటినా ఆయాసం, నీరసం వదలకపోవచ్చు. కుర్చీలో కూర్చునే ఉద్యోగి ఎలాగో నెట్టుకొస్తాడు, బస్తాలు మోసేవాడికి పనే పోతుంది. పరిహారం అడుగుదామంటే కంపెనీ ఏజెన్సీని చూపిస్తుంది, ఏజెన్సీ కంపెనీని చూపిస్తుంది.

అపోహ: టెన్షన్ అంతా వైరస్ భయమే.

తొలి ఏడాదిలో ఆందోళన, డిప్రెషన్ ప్రపంచవ్యాప్తంగా 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. నా దగ్గరికి వచ్చినవాళ్లు చావు గురించి మాట్లాడింది తక్కువ. అద్దె, అప్పు, ఇంట్లో గొడవలు, ఇవే ఎక్కువ. వాటికి నిద్రమాత్ర రాసి పంపడం నాకెప్పుడూ ఇబ్బందిగానే ఉండేది.

అపోహ: కోవిడ్‌పై ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన అత్యవసర పరిస్థితి 2023 మే 5న ముగిసింది, ఇక సమస్య లేదు.

ఆ మధ్యలో ఆగిపోయిన బీపీ, షుగర్ మందుల సంగతో? కొత్తగా గుర్తించిన టీబీ రోగుల సంఖ్య ప్రపంచవ్యాప్తంగా 2019లో 71 లక్షలుంటే, 2020లో 58 లక్షలకు పడిపోయింది. జబ్బు తగ్గి కాదు, పరీక్షలు చేయించుకోలేక. టీబీ కూడా ఇలాంటి ఇరుకు గదుల్లోనే పాకుతుంది. అందుకే దగ్గు రెండు వారాలు దాటితే, కోవిడ్ నెగెటివ్ వచ్చింది కదా అని వదిలేయకుండా కఫం పరీక్ష చేయించుకోండి.