కోతిని తలచుకోకుండా మందు తాగడం

చిన్నప్పుడు పెద్దవాళ్ళ నోట విన్న కథ ఒకటి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక వైద్యుడు రోగికి చూర్ణమిచ్చి, తేనెలో రంగరించి పరగడుపున తీసుకొమ్మని, పథ్యమేమీ అక్కర్లేదు గాని మందు నోట్లో వేసుకునేటప్పుడు మాత్రం కోతిని తలచుకోకూడదని చెప్పి పంపిస్తాడు. వారం తిరక్కుండానే రోగి లబోదిబోమంటూ తిరిగొస్తాడు. బుద్ధెరిగినప్పటి నుంచీ ఏనాడూ తలపుకు రాని కోతి, గిన్నె చేతిలోకి తీసుకోగానే ఎదురుగా వచ్చి కూర్చుంటోందట. మందు పనిచేయకపోతే నింద తనమీదికి రాకుండా వైద్యుడు పన్నిన ఉపాయమని కథ చెప్పేవాళ్ళు నవ్వేవారు. ఆ ఉపాయం ఎందుకు పారుతుందో చెప్పే ప్రయోగం ఒకటి 1987లో అచ్చయింది.

టెక్సస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియో నగరంలో, ట్రినిటీ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కోతికి బదులు తెల్ల ఎలుగుబంటిని ఎంచుకున్నాడు. విద్యార్థులను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, 5 నిమిషాలపాటు మనసులో మెదిలేదంతా పైకి చెబుతూ ఉండమని, తెల్ల ఎలుగుబంటిని మాత్రం తలచుకోవద్దని, ఒకవేళ తలపుకు వస్తే గంట కొట్టమని చెప్పారు. సగటున నిమిషానికి ఒకసారికి పైగానే గంట మోగింది. అంతకన్నా ఆసక్తికరమైనది ఆ తర్వాత జరిగింది. ఇక ఎంతైనా తలచుకోవచ్చని అనుమతించాక, ముందు అణచిపెట్టుకున్నవాళ్ళకు, మొదటి నుంచీ స్వేచ్ఛగా తలచుకున్నవాళ్ళకన్నా ఎక్కువసార్లు ఆ ఎలుగుబంటి గుర్తొచ్చింది. తర్వాతి పరిశోధనలనన్నింటినీ కలిపి లెక్కగట్టినవారు ఈ ప్రభావం కొద్దిపాటి నుంచి ఒక మోస్తరు వరకే ఉంటుందని తేల్చారు గనుక దీన్ని తిరుగులేని సూత్రంగా చెప్పకూడదు, కాని అది ఉన్నదన్న మాట నిలబడింది.

1994లో వెగ్నర్ దీనికి ఒక వివరణ ఇచ్చాడు. ఒక ఆలోచన వద్దనుకున్నప్పుడు మనసులో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి దృష్టిని వేరే వాటిమీదికి మళ్ళించడం. దీనికి శ్రమ కావాలి. రెండోది, వద్దనుకున్నది వస్తోందేమోనని చాటుగా కనిపెట్టుకుని ఉండడం. దీనికి పెద్దగా శ్రమ అక్కర్లేదు. అయితే దొంగను గుర్తుపట్టాలంటే కాపలావాడి జేబులో దొంగ ఫొటో ఎప్పుడూ ఉండాలి కదా. నిద్ర చాలనప్పుడు, పని ఒత్తిడిలో ఉన్నప్పుడు మొదటి పని చతికిలబడుతుంది, రెండోది యథాప్రకారం సాగిపోతుంది. రాత్రి షిఫ్టు ముగించుకుని పీజీ (పేయింగ్ గెస్ట్) గదికి చేరిన కుర్రవాడికి, పగలంతా ఎలాగో పక్కకు నెట్టిన ఆలోచనే పడుకోగానే మీదపడటంలో ఆశ్చర్యం లేదు.

ఎలుగుబంటితో ఎవరికీ బాధ లేదు. బాధంతా వేరే రకం ఆలోచనలతో. మెట్రో ప్లాట్‌ఫాం మీద, పసుపు గీత వెనక బుద్ధిగా నిలబడిన మనిషికి, రైలు వస్తుండగా ‘ఇప్పుడు దూకేస్తే?’ అనిపిస్తుంది. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో పన్నెండో అంతస్తు బాల్కనీలో పసిబిడ్డను ఎత్తుకున్న తల్లికి ‘చేతులు వదిలేస్తే?’ అని ఒళ్ళు జలదరిస్తుంది. దేవుడి ముందు కళ్ళు మూసుకున్నవాడికి చెప్పుకోకూడని దృశ్యం కనబడుతుంది. ఇలాంటివి తనకొక్కడికే వస్తాయని ప్రతి ఒక్కరూ అనుకుంటారు, ఎందుకంటే ఎవరూ ఎవరితోనూ చెప్పుకోరు. 1978లో మనస్తత్వ శాస్త్రవేత్తలు స్టాన్లీ రాక్‌మన్, శ్రీలంక నుంచి వెళ్ళి లండన్‌లో పనిచేసిన పద్మల్ డి సిల్వా కలిసి, ఏ మానసిక జబ్బూ లేని 124 మందిని అడిగితే, వారిలో దాదాపు 80 శాతం మంది తమకూ వస్తాయన్నారు. ఆ ఆలోచనలనూ రోగుల ఆలోచనలనూ కలిపి ఇస్తే, అనుభవజ్ఞులైన వైద్యులు సైతం ఏది ఎవరిదో సరిగా వేరుచేయలేకపోయారు. 2014లో 13 దేశాల్లో 777 మంది విద్యార్థులమీద జరిపిన అధ్యయనంలో సుమారు 94 శాతం మంది, గడచిన 3 నెలల్లో ఇలాంటి పిలవని ఆలోచన ఒక్కటైనా వచ్చిందని చెప్పారు.

ఎత్తైన చోట దూకాలనిపించడం గురించి ప్రత్యేకంగా ఒక పరిశోధన ఉంది. 2012లో అమెరికాలో 431 మంది విద్యార్థులను అడిగినప్పుడు, చనిపోవాలని ఏనాడూ అనుకోనివారిలోనూ సగానికి పైగా ఆ అనుభవాన్ని ఒప్పుకున్నారు. అంచు దగ్గర శరీరం మెరుపువేగంతో మనల్ని వెనక్కి లాగుతుందని, ఎందుకు వెనక్కి తగ్గామా అని నిదానంగా ఆలోచించే మనసు ‘దూకాలనుకున్నానేమో’ అని తప్పుడు అర్థం తీస్తుందని ఆ పరిశోధకులు ఊహించారు. ఇది ఊహే గాని రుజువైనది కాదు. చనిపోవాలన్న కోరిక నిజంగా కలగడం వేరే సంగతి. దానికి ఆలస్యం చేయకుండా సాయం తీసుకోవాలి.

ఆలోచనలు అందరికీ ఒకటే అయినప్పుడు, ఒకరు దాన్ని విదిలించుకుని రైలెక్కి ఫోన్ చూసుకుంటూ ఉండగా మరొకరు ఆ రోజంతా వణికిపోవడమెందుకు? తేడా ఆ ఆలోచనకు ఇచ్చే అర్థంలో ఉంది. ‘ఇలా తోచిందంటే నాలో ఏదో దుర్మార్గం ఉందన్నమాట’, ‘తోచింది గనుక జరిగి తీరుతుంది’ అని నమ్మడాన్ని 1990లలో రాక్‌మన్ బృందం ఆలోచననూ చర్యనూ కలిపివేయడంగా వర్ణించింది. మనకు ఈ భావన కొత్తేమీ కాదు. దీపాలవేళ చెడుమాట అనవద్దని, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని వింటూ పెరిగినవాళ్ళమే మనమంతా. నోరు అదుపులో ఉంచడానికి అది మంచి ఏర్పాటే. దానిమీద నాకు ఫిర్యాదు లేదు. అయితే ఆ దేవతలు తథాస్తు అనేది పైకి అన్న మాటకేగాని, మనసులో సీసీ కెమెరా పెట్టి కూర్చున్నట్టు మా నాయనమ్మ కూడా చెప్పలేదు. ఆ నియమాన్ని లోపలి ఆలోచనకు సైతం వర్తింపజేసుకున్న రోజు నుంచి మనిషికి కంటిమీద కునుకుండదు.

1996లో అదే బృందం చేసిన ప్రయోగం ఈ విషయంలో అన్నిటికన్నా విలువైనదని నా అభిప్రాయం. ఇలాంటి నమ్మకం బలంగా ఉన్న విద్యార్థులచేత, తమకు ఇష్టమైన మనిషి పేరు పెట్టి, ఆ మనిషికి కారు ప్రమాదం జరగాలని కోరుకుంటున్నట్టు ఒక వాక్యం రాయించారు. సహజంగానే అందరికీ గుండెలు దడదడలాడాయి. కొందరిని ఆ పాపాన్ని ఎలాగైనా కడుక్కోమన్నారు. కాగితం చింపుకోవచ్చు, కొట్టివేయవచ్చు. వారి ఆందోళన వెంటనే దిగిపోయింది. మిగతావారిని 20 నిమిషాలు ఏమీ చేయకుండా ఊరికే ఉండమన్నారు. ఆ 20 నిమిషాలు గడిచేసరికి వారి ఆందోళన కూడా ఇంచుమించు అంతే తగ్గింది. అంటే పరిహారం చేసినా తగ్గుతుంది, చేయకపోయినా తగ్గుతుంది. కాకపోతే చేసినవాడికి, తాను చేసినందువల్లే తగ్గిందన్న నమ్మకం మిగులుతుంది. మరుసటిసారి చేయకుండా ఉండలేడు.

ఈ సంగతి పుస్తకాల్లో చదవకముందే నాకు అనుభవంలోకి వచ్చింది. బెంగళూరు రామమూర్తినగర్‌లో అద్దెకు ఉన్న రోజుల్లో, ఒక ఉదయం టిన్ ఫ్యాక్టరీ కూడలి దగ్గరి ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండగా, గ్యాస్ కట్టానా లేదా అన్న సందేహం పుట్టింది. బండి వెనక్కి తిప్పాను. గ్యాస్ కట్టే ఉంది. మర్నాడు బయలుదేరేముందే రెండుసార్లు చూశాను. నెల తిరిగేసరికి రెగ్యులేటరును ముట్టుకుని, ‘ఆఫ్, ఆఫ్, ఆఫ్’ అని పైకి అనుకుని, చివరికి ఫోన్‌లో ఫొటో కూడా తీసుకుని బయల్దేరే స్థితికి వచ్చాను. బెన్నిగానహళ్ళి స్టేషనులో నిలబడి ఆ ఫొటో చూస్తే, అది నిన్నటిదేమోనన్న అనుమానం! అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు.

2003లో నెదర్లాండ్స్‌కు చెందిన మనస్తత్వ పరిశోధకులు మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కింట్ ఈ భూతాన్నే కంప్యూటరు మీదికి తెచ్చారు. తెరమీద బొమ్మ గ్యాస్ పొయ్యిని కొందరిచేత 20 సార్లు వెలిగింపజేసి, కట్టించి, సరిచూయించారు. మరికొందరిచేత అదే పని దీపాలతో చేయించారు. చివరగా అందరిచేతా ఒకసారి గ్యాస్ పొయ్యిని సరిచూయించి, ఏం గుర్తుందని అడిగారు. జ్ఞాపకం సరైనదేనా అంటే రెండు జట్లకూ పెద్ద తేడా లేదు. కాని పొయ్యిని పదేపదే సరిచూసినవారికి ఆ జ్ఞాపకం మసకబారింది, దానిమీద నమ్మకం సడలింది. ఇరవై ఒకేలాంటి దృశ్యాలు ఒకదానిమీద ఒకటి పేరుకుంటే చివరిది విడిగా కనబడదు. జ్ఞాపకశక్తి మందగించిందని భయపడి మళ్ళీ చూస్తాం. చూసినకొద్దీ ఇంకొంత మసకబారుతుంది.

ఇంట్లోవాళ్ళకు ఫోన్ చేసి ధైర్యం తెచ్చుకోవడం కూడా ఈ కోవలోదే. మదనపల్లెలో ఉన్న అమ్మ రెండుసార్లు ఫోన్ ఎత్తకపోతే చాలు, ఇక్కడ కొడుకు కళ్ళముందు ఆసుపత్రి వరండా కదలాడుతుంది. మూడోసారి ఆమె ఎత్తి, “పాలు పొంగుతా ఉంటే ఎత్తలేదు రా, ఏమైంది నీకు?” అంటుంది. ఆ మాట ఇచ్చిన నెమ్మది సాయంత్రం దాకా ఉంటే ఎక్కువ. ప్రేమకొద్దీ ఫోన్ చేయడం ఒకటి, అనుమానం తీర్చుకోవడానికి గంటకోసారి చేయడం మరొకటి. చేస్తున్నవాడికి ఆ తేడా లోలోపల తెలుస్తూనే ఉంటుంది.

ఒంటి సంగతి కొంత చెప్పుకోవాలి. ప్రమాదమన్న సంకేతం అందగానే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను వదలడం, గుండె వేగం పెరగడం, కండరాలు బిగుసుకోవడం పారిపోవడానికో తిరగబడటానికో పనికొచ్చే ఏర్పాట్లు. వాల్టర్ కానన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1915 నాటికే దీన్ని వర్ణించాడు. ఎదురుగా ఉన్నది పులా, మేనేజరు పంపిన ‘ఒకసారి మాట్లాడాలి’ అన్న సందేశమా అన్న విచక్షణ ఆ ఏర్పాటుకు అంతగా లేదు. కాఫీ కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. అలసటను తెలియజేసే అడెనోసిన్‌ను కెఫీన్ అడ్డుకుంటుంది, గుండెను కాస్త తొందరపెడుతుంది; ఆ దడనే భయంగా పొరబడేవాళ్ళున్నారు. ఒంట్లో అది సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది గనుక, సాయంత్రం ఆరింటికి దర్శిని (నిలబడి తినే చిన్న హోటలు) ముందు నిలబడి తాగిన ఫిల్టర్ కాఫీ రాత్రి పదకొండుకు కూడా పనిచేస్తూనే ఉంటుంది. ఒక కాఫీని ఇద్దరు పంచుకునేలా ‘బై టూ’ చెప్పుకునే బెంగళూరు అలవాటును నేను ఈ ఒక్క కారణానికి మెచ్చుకుంటాను. ఊపిరి విడిచేటప్పుడు గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది గనుక, తీసుకున్నదానికన్నా నిదానంగా ఊపిరి వదలడం కొంత ఉపశమనమిస్తుంది. అయితే ‘ఈ భయం ఇప్పుడే పోవాలి’ అన్న పట్టుదలతో చేస్తే అది కూడా మరో రెగ్యులేటరు ఫొటో అవుతుంది.

ఉద్యోగం ఉంటుందా, ఇంటి అప్పు తీరుతుందా అని ఒకదానికొకటి ముడిపడుతూ పోయే చింతకు మాత్రం వేరే పద్ధతి ఉంది. 1983లో మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ బోర్కోవెక్ బృందం పరీక్షించిన పద్ధతి ఇది: చింతపడటానికి రోజూ ఒకే చోట, ఒకే వేళ, అరగంట కేటాయించుకోవడం. మిగతా సమయంలో చింత తలెత్తితే, దాన్ని గుర్తించి, ఆ అరగంటకు వాయిదా వేయడం. ఇది అణచివేత కాదు, గడువివ్వడం. పడుకునే మంచాన్ని ఆ చోటుగా పెట్టుకోకూడదన్నది ముఖ్యం. ముగ్గురు పంచుకునే పీజీ గదిలో ఉండేవాళ్ళకు మేడమీది నీళ్ళ ట్యాంకు పక్కన కాస్త స్థలం చాలు.

ఇవేవీ చాలని స్థితి కూడా ఉంటుంది. అక్కర్లేని ఆలోచనలూ వాటికి చేసే పరిహారాలూ కలిసి రోజుకు గంటకు పైగా కాలాన్ని తినేస్తుంటే, లేదా పనినీ సంసారాన్నీ చెడగొడుతుంటే, అది ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలూ, మానలేని చేష్టలూ పట్టి పీడించే మానసిక జబ్బు) కావచ్చు. దీనికి మంచి చికిత్స ఉంది. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త ఇద్దరు రోగులను, వారు భయపడే వాటికి ఎదురుగా ఉంచి, కడుక్కోవడం వంటి పరిహారాలు చేయనివ్వకుండా ఆపి, ఫలితం రాబట్టాడు. ఈనాటి ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ పద్ధతి అక్కడి నుంచి పెరిగిందే. వైద్యుల సాయంతో, తేలికైన వాటితో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా నడిపిస్తారు. దీనివల్ల పాత భయం చెరిగిపోదు. ‘పరిహారం చేయకపోయినా ఏమీ కాలేదు’ అన్న కొత్త జ్ఞాపకం దాని పక్కన పెరుగుతుంది. అందుకే కష్టకాలంలో పాత భయం మళ్ళీ తొంగిచూడవచ్చు. అలా జరిగితే చేసిందంతా వృథా అయిందని కాదు. మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే మందులు కూడా వాడతారు. ఓసీడీలో వాటి ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు. రెండు వారాలు చూసి మానేసేవారు అనవసరంగా నష్టపోతున్నారు.

మానసిక ఆసుపత్రులున్న ఎర్రగడ్డ (హైదరాబాదు), కీల్పాక్ (మద్రాసు) పేర్లను ఎదుటివాణ్ణి వెక్కిరించడానికి వాడే అలవాటు మనకుంది, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ పేరు కూడా అలాగే వాడేవాళ్ళున్నారు. 1974లో ఏర్పడిన ఆ సంస్థే 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వేను నడిపింది. పెద్దవారిలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, వారిలో చికిత్స అందనివారు, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారని అందులో తేలింది. హోసూరు రోడ్డులోని ఆ ఆసుపత్రి ఓపీ వరండాలో కాసేపు కూర్చుంటే అనంతపురం, చిత్తూరు యాసలు వినబడుతూనే ఉంటాయి. అంతదూరం వెళ్ళలేనివారికి, లేదా వెళ్ళాలా వద్దా అన్న దగ్గరే ఆగిపోయినవారికి, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే ఫోన్ సలహా సేవ ఉంది. 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. కన్నడమో ఇంగ్లీషో రాదన్న బెంగ అక్కర్లేదు. భాషను ఎంచుకోమన్నప్పుడు తెలుగును ఎంచుకోవచ్చు.